వాటం బల్ల

మా కాలేజీ స్టాఫ్‌రూములో పేపరు ముందు ఎవరి చేతికి దొరికితే వాళ్ళు పైకి చదువుతారు. తక్కినవాళ్ళం విననట్టు నటిస్తూ వింటాం. మొన్నొక మధ్యాహ్నం లెక్కల మాస్టారికి దొరికింది. ఏదో దేశంలో మీసాలు కూడా సరిగా రాని కుర్రవాడొకడు, ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్లమీద కర్రతో బంతులు కొట్టే ఆటలో, తండ్రి వయసు వాళ్ళందరినీ ఓడించి ఛాంపియనయ్యాడట. అక్కడ అలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారట.

చదివి, కళ్ళద్దాలు తీసి, నిట్టూర్చి, "అది రక్తంలో ఉండాలమ్మా. మన పిల్లలకు రాదు" అన్నాడు.

ఆయన దృష్టిలో అన్నీ రక్తంలోనే ఉంటాయి. లెక్కలు రాని పిల్లకు లెక్కలు రక్తంలో లేవు. ఆలస్యంగా వచ్చే పిల్లకు క్రమశిక్షణ రక్తంలో లేదు. ఆయన రక్తంలో నిజంగా ఉన్నది చక్కెర ఒక్కటే, దాన్ని మాత్రం ఒప్పుకోడు.

"రక్తం సంగతి నాకు తెలీదు సార్. ఆ బల్ల ఎవరి గదిలో ఉంది, ఆ గదికి తాళం ఎవరు వేస్తారు, అది చెప్పండి ముందు" అన్నాను.

"మీరెప్పుడైనా ఆ కర్ర ముట్టుకున్నారా?"

"ముట్టుకున్నాను. గెలిచాను కూడా. కర్నూల్లో."

గది మొత్తం నవ్వింది. ఇంతలో గంట కొట్టారు. వాదన మధ్యలో గంట కొడితే నాకు అన్నం సయించదు. ఆ మిగిలిపోయిన వాదనే ఇది.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నాకు పదమూడేళ్ళు. మాది కమలాపురం దగ్గర పల్లె. జొన్న, వేరుశెనగ పండే భూములు ఉండేవి గానీ మా నాయనకు మట్టిమీద కంటే మట్టికింది బండమీద మక్కువ ఎక్కువ. కడప బండల వ్యాపారం మొదలుపెట్టాడు. రాజధాని వస్తోందంటే ఇళ్ళు కావాలి, ఇళ్ళంటే బండలు కావాలి అని మమ్మల్ని, మా అవ్వను, రెండు బర్రెలను కర్నూలు పాత ఊళ్ళోకి తరలించాడు. హంద్రి దాటి కల్లూరు పోయే దారిలో బండల అంగడి పెట్టాడు.

ఊరంతా డేరాలు. డేరాల్లో ఆఫీసులు. కోస్తానుంచి వచ్చిన గుమాస్తాలు తడి తువాళ్ళు నెత్తిన వేసుకుని ఫైళ్ళు రాసేవాళ్ళు. మా ఎండ వాళ్ళమీద పగబట్టి కాస్తున్నట్టు మాట్లాడేవాళ్ళు. "ఇక్కడ మనుషులు ఎలా బతుకుతారండీ?" అని మా అవ్వనే అడిగారు. "మీరు రాకముందు బాగనే బతికినాము నాయనా" అంది అవ్వ.

దొరల కాలం నాటి ఆఫీసర్ల క్లబ్బొకటి ఉండేది. కొత్త ఆఫీసర్లు రాగానే దాన్ని బాగుచేయించారు. నేలంతా మా నాయన బండలే. పరిచింది మా కమలాపురం వైపు మేస్త్రి. పనితనం మెచ్చి నాయనను క్లబ్బులో మెంబరుగా చేర్చుకున్నారు. మొదటిరోజు గంజిపంచె కట్టి, తలగుడ్డ చుట్టి వెళ్ళాడు. గంటకు తిరిగొచ్చాడు.

"ఏం చేసినావు నాయనా క్లబ్బులో?"

"కూచున్యా."

"ఇంకా?"

"అందరూ కూచున్యారు."

రెండోరోజు నన్ను తీసుకుపోక తప్పలేదు. తీసుకుపోకపోతే ఎంతసేపు మాట్లాడతానో ఆయనకు తెలుసు.

లోపల ఒక పెద్ద గది. మధ్యలో ఆరు లావుపాటి కాళ్ళ బల్ల, దానిమీద ఆకుపచ్చ గుడ్డ, మూడు బంతులు. బిలియర్డ్స్ అన్నారు. గది తలుపుమీద చెక్క: స్త్రీలకు ప్రవేశం లేదు. నన్ను స్త్రీ అని మొదట గుర్తించింది ఆ చెక్కే. అప్పటిదాకా ఇంట్లో నన్ను నోరు అనేవాళ్ళు.

వరండాలోకి పోయి కిటికీ ఊచలు పట్టుకుని చూశాను. కిటికీ కింద, గది కడిగిన నీళ్ళు బయటికి పోయే తూము. రెండేళ్ళపాటు ఆ తూము పక్కనే నిలబడి ఆట చూశాను. బంతులు బల్ల ఒక చివరనుంచి ఇంకో చివరకు పోయేవి, వేగం తగ్గేకొద్దీ నా కిటికీవైపు కొంచెం వంగేవి. బంతుల గుణమే అంత అనుకున్నాను.

ఆటకు లెక్క చెప్పడానికి ఒక ముసలాయన ఉండేవాడు. మార్కర్ అనేవాళ్ళు. తెల్ల గడ్డం, పాత నల్లకోటు. కళ్ళలో పొర కమ్మి ఆయన కర్ర పట్టడం ఎప్పుడో మానేశాడు. చప్పుడును బట్టి ఎవరు ఏం కొట్టారో చెప్పేవాడు. కొట్టిన తెల్లబంతి మిగతా రెంటినీ తాకితే "రెండూ". ఎర్రబంతి బల్ల అంచున వేలాడే జాలీ సంచిలో పడితే "మూడూ". నమాజుకు పిలిచినంత శ్రద్ధగా పిలిచేవాడు.

నాయన బల్ల అంచు తట్టి ఆయన్ను అడిగాడు. "గుడ్డ కింద ఏముండాది సాయిబూ? చెక్కనా?"

"చెక్కయితే ఒక్క వానకాలానికి వంకర పోతుంది సాబ్. పత్తర్. రాయి."

"రాయా! యాడ రాయి?"

"విలాయత్‌ది. ఓడమీద వచ్చింది."

నాయన ముఖం చూడాలి. కిటికీలోంచి నాకు బాగా కనిపించింది. "ఓడమీద రాయి తెచ్చినారా? మాకా? కడప జిల్లాలో తవ్వితే బండ, తవ్వకపోతే బండ. మా బండ మింద వాళ్ళ బంతి దొర్లదంటనా?"

"నేనట్లా అనలేదు సాబ్."

"నువ్వనలేదులే. ఆ ఓడ అనింది."

అదండీ మా ఇంట్లోకి బిలియర్డ్స్ వచ్చిన కథ. ఆటమీద ప్రేమతో కాదు. బండమీద పౌరుషంతో.

మా పెరట్లో రేకుల పంచ కింద ఇటుకలతో ఆరు దిమ్మెలు లేపారు. ఎర్రగుంట్ల దగ్గరి గనినుంచి నాయన ఏరి తెచ్చిన ఎనిమిదడుగుల నల్లబండ, నున్నగా పాలిష్ పట్టింది, దానిమీద ఎక్కింది. అంచులకు బస్సు టైరు రబ్బరు. ఆరు జాలీలకు ఏం చెయ్యాలో తోచక, దూడల మూతికి కట్టే చిక్కాలు కట్టాం. కర్రలు బొంగరాలు చేసే ఆయన చెక్కిచ్చాడు. వాటి కొసకు చెప్పుల తోలు ముక్క. క్లబ్బులో కొత్తగుడ్డ వేసినప్పుడు తీసేసిన పాతగుడ్డను, పెచ్చులూడిన మూడు పాత బంతులను మార్కర్ తాత అడిగి ఇప్పించాడు. ఆ గుడ్డ మా బల్లకు సరిపడా కత్తిరించాం. నూగు పోయి బట్టతలలా మెరుస్తుండేది.

గుడ్డ వేయకముందు మా కమలాపురం మేస్త్రి తన పని తాను పరీక్షించుకున్నాడు. చెంబెడు నీళ్ళు బండ నడుమ పోశాడు. నీళ్ళు సన్నగా సాగి, పడమటి మూలకు చేరి, బొట్టు మిగలకుండా కిందికి జారిపోయాయి.

"చూసినావా అన్నా, వాటం!" అన్నాడు.

"శానా బాగా కుదిరింది" అన్నాడు నాయన.

అవ్వ కూడా తలూపింది. నేనూ ఊపాను. మా వైపు బండ పరిచాడంటే మేస్త్రి ముందు చూసేది వాటం. నీళ్ళు ఎటు పోవాలో అటు నేలను ఒక గింజంత వాల్చాలి. నీళ్ళు నిలిస్తే మేస్త్రికి పరువు నష్టం. ఆ చెంబెడు నీళ్ళు జారిపోతుంటే నలుగురం నిలబడి మెచ్చుకున్నామే గానీ, ఇది నేల కాదు గదా, బంతి నీళ్ళ మాదిరి పోతే ఎట్లా అని ఒక్కరికీ తట్టలేదు. కాలేజీలో చదువుకున్నదాన్ని ఇప్పుడు రాస్తున్నాను గానీ, ఆరోజు నాకూ తట్టలేదు.

నాయన నాలుగు రోజులు ఆడాడు. బండ గెలిచిందని తృప్తిపడి మళ్ళీ అంగడికి పోయాడు. బల్ల పెరట్లో మిగిలింది. పెరటికి గొళ్ళెం లేదు.

ఉదయంపూట అవ్వ దానిమీద పాతచీర పరిచి మిరపకాయలు ఆరబెట్టేది. మధ్యాహ్నం అన్నాలయ్యాక మిరపకాయలు ఎత్తి కర్రలు తీసేవాళ్ళం. వీధిలో ఆడవాళ్ళందరికీ అది తీరిక వేళ. ఎదురింటి టైలరు భార్య వచ్చేది. పక్కింట్లో కోస్తానుంచి వచ్చిన గుమాస్తా కోడలు, అత్తగారు నిద్రపోయాక గోడపక్కనుంచి వచ్చేది. ఆమెకు పందొమ్మిదేళ్ళుంటాయేమో. కొంగు నడుముకు బిగించి, ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి కొట్టేది. కొట్టాక ఊపిరి వదిలేది. పందెం ఏమిటంటే, ఓడినవాళ్ళు మరుసటిరోజు మజ్జిగో వేయించిన వేరుశెనక్కాయలో తేవాలి. మొదటి నెలంతా నేను తెచ్చాను.

అవ్వ కూడా ఆడేది. మేకను అదిలించినట్టు బంతిని కర్రతో తోసేది.

"అట్ల తోయగూడదవ్వా. పొడవల్ల."

"పాపం, అదేం చేసింది నన్ను? పొయ్యేదానికి పొడిచేదేంటికి?"

మాకు ఎవరూ నేర్పలేదు. తప్పు కొడితే పదిమంది నవ్వేవాళ్ళు, ఒప్పు కొడితే అదే పదిమంది "ఇంకోతూరి కొట్టుమే, చూద్దాం" అనేవాళ్ళు. అంతకు మించిన కోచింగు ఏ దేశంలోనైనా ఉంటే లెక్కల మాస్టారు నాకు చూపించాలి. రోజూ రెండు గంటలు, రెండేళ్ళు. నేను క్లబ్బు కిటికీలో చూసింది వచ్చి వీళ్ళకు చెప్పేదాన్ని. వీళ్ళు దాన్ని నాకంటే బాగా చేసేవాళ్ళు. గుమాస్తా కోడలితో పదిసార్లు ఆడితే నేను నాలుగుసార్లు గెలిచేదాన్ని. నాలుగు అని నిజాయితీగా రాస్తున్నాను, మూడే కావచ్చు.

నాకు పదిహేను నిండిన ఏడాది క్లబ్బు గోడమీద ఒక కాగితం అంటించారు. సభ్యుల సంతానంలో పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళకు బిలియర్డ్స్ పోటీ. నేను సరాసరి సెక్రటరీ గదిలోకి వెళ్ళాను. ఆయన కృష్ణా తీరంనుంచి వచ్చిన ఆఫీసరు. తెల్లటి మనిషి, తెల్లటి బట్టలు, మా దుమ్ముమీద శాశ్వతమైన కోపం. ఆయన వెనక అద్దాల బీరువాలో పోటీల్లో గెలిచిన కప్పులు మెరుస్తున్నాయి.

"నా పేరు రాసుకోండి సార్."

"ఇది అబ్బాయిల పోటీ అమ్మా."

"సంతానం అని రాశారు సార్. నేను సంతానమే. కావాలంటే మా నాయనను అడగండి, బయటే ఉన్నాడు."

"గదిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు కదా."

"అయితే బల్లను వరండాలో వేయించండి. నాకు వరండా అలవాటే."

గుమ్మం దగ్గర నాయన దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం, చాలు మే అని. సెక్రటరీకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. నవ్వే ముందుకొచ్చింది.

"సరే. ఆడు. గెలిస్తే వారంలో ఒక రోజు ఆ గది ఆడపిల్లలకు తెరిపిస్తాను. ఓడితే మాత్రం ఇక కిటికీ దగ్గర కూడా కనిపించకూడదు. ఒప్పుకుంటావా?"

ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి చెప్తే గుమాస్తా కోడలు చేతిలో కర్ర అలాగే పట్టుకుని అడిగింది. "గెలిస్తే నేనూ రావచ్చునా? నిజం బల్లమీద?" నేను రావచ్చన్నాను. ఆ మాట అన్నాక మొదటిసారి భయం వేసింది. అప్పటిదాకా అది నా నోటి దురద, అంతే.

పోటీకి మూడు రోజులుందనగా మార్కర్ తాత మా ఇంటికి వచ్చాడు. నా చేయి ఎట్లా ఉందో వింటానన్నాడు. చూస్తానని అనలేదు. వచ్చి ముందు బల్లను అరచేత్తో తడిమాడు. ఎర్రబంతిని నడిమధ్య పెట్టి వదిలి, చెవి ఒగ్గాడు. బంతి ఒక్క క్షణం ఆలోచించి, కదిలి, మెల్లగా పడమటి మూల చిక్కంలోకి వెళ్ళి పడింది.

తాత మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పడింది.

"యా అల్లా" అన్నాడు. "బేటీ, ఇది బల్ల కాదు, వాలు. రెండేళ్ళు దీనిమీదనే నేర్చినావా? అక్కడ బల్ల సాఫుగా ఉంటుంది. బంతి ఎట్లా కొడితే అట్లా పోతుంది. నీ చేయి ప్రతిసారీ పక్కకు చూస్తుంది. ఓడిపోతావు."

"అక్కడ కూడా బంతులు వంగుతాయి గదా తాతా. కిటికీలోనుంచి చూసినా."

"కిటికీలోంచి చూస్తే అన్నీ వంకరే బేటీ."

ముప్పై ఏళ్ళు ఆ బల్ల పక్కన నిలబడిన మనిషి. నేను నోరు మూసుకున్నాను. జీవితంలో వాదించకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే. అదే తప్పయింది.

నాయన మేస్త్రిని పిలిపించాడు. మేస్త్రి వచ్చి, సంగతి విని, చేతులు కట్టుకున్నాడు.

"వాటం పెట్టినానని తప్పు పడతాండావా అన్నా? ఆ పొద్దు మెచ్చుకుంటివి గదా."

"ఇది ఆట బల్లప్పా. సమంగా ఉండల్ల."

"సమంగా పెడితే నీళ్ళు నిలుస్తాయి."

"నీళ్ళు ఎవరు పోస్తారప్పా దీనిమింద?"

"వానొస్తే?"

"రేకులుండాయి గదా!"

"రేకులు కారితే?"

వాదనలో నాకు గురువెవరంటే ఆ మేస్త్రి పేరే చెప్పాలి. సున్నం బిగిసి రాయైంది, కదిలిస్తే బండ పగులుతుంది అని తేల్చేసి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. మార్కర్ తాతే ఒక దారి చెప్పాడు. వాలుకు ఎదురుగానో, వాలు వెంబడో కొడితే బంతి వంగదు, నేరుగా పోతుంది. మూడు రోజులు ఆ ఒక్క గీతమీదనే కొట్టు, చేతికి నేరుగా కొట్టడం అలవాటు చెయ్యి అన్నాడు. కొట్టాను. అవ్వ మిరపకాయలు మూడు రోజులు మంచంమీద ఎండాయి.

పోటీకి పేరిచ్చింది నలుగురు. ఆడపిల్లతో ఆట అని తెలిశాక ఇద్దరు తప్పుకున్నారు. ఓడితే పరువు పోతుంది, గెలిచినా ఏం గెలిచావురా అంటారు. మిగిలింది నేనూ, సెక్రటరీగారి అబ్బాయీ. మద్రాసులో చదువుతున్నాడు. మడత నలగని ప్యాంటు, మెత్తటి మాట. "మీరే ముందు కొట్టండి" అన్నాడు. నన్ను మీరు అన్న మొదటి మగవాడు. అందుకు కూడా కోపం వచ్చింది నాకు, ఆరోజు అన్నింటికీ వచ్చింది.

ముందు యాభై చేసినవాళ్ళది గెలుపు. గోడ వెంబడి ఆఫీసర్లు కూర్చున్నారు. నాయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వరండాలో, నా కిటికీ దగ్గర, అవ్వ, టైలరు భార్య, ముసుగు వేసుకుని గుమాస్తా కోడలు. ఆమె అత్తగారికి ఏం చెప్పి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

నేరుగా కొట్టాను. తాత నేర్పినట్టు, గీత గీసినట్టు. బంతి జాలీకి వేలెడు దూరంలో తప్పిపోయింది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ తప్పింది. అతను గట్టిగా కొడతాడు. గట్టిగా కొట్టినవి పడతాయి, మెల్లగా కొట్టినవి తప్పుతాయి, తప్పినప్పుడల్లా తన కర్ర కొస వైపు అనుమానంగా చూస్తాడు. తాత గొంతు పిలుస్తూనే ఉంది. అతనికి ముప్పై ఎనిమిది. నాకు పద్నాలుగు.

కిటికీలోంచి అవ్వ గొంతు వినబడింది. "ఏమే పాపా, మనింట్లో కొట్టినట్ల కొట్టుమే! కొత్తగా కొడతాండావేంటికి?"

"సైలెన్స్ ప్లీజ్" అన్నాడు సెక్రటరీ.

"నీకు గాదులే నాయనా చెప్పింది" అంది అవ్వ.

నేను అవ్వ వైపు చూశాను. అవ్వ కాళ్ళ దగ్గర తూము. రెండేళ్ళు నేను నిలబడిన చోటు. అప్పుడు నా ముఖంమీద ఎవరో నీళ్ళు కొట్టినట్టయింది. తప్పిన నా బంతులన్నీ కిటికీవైపే తప్పాయి. అతనివీ అటే. ఈ గదికి నేల పరిచింది ఎవరు? మా మేస్త్రి. గది కడిగితే నీళ్ళు ఎటు పోవాలి? తూములోకి. నేల పరిచాక పన్నెండుమంది ఎత్తి ఈ బల్లను మళ్ళీ నిలబెట్టింది ఎక్కడ? ఆ వాటం మీద. కొత్తగుడ్డ నూగు దట్టంగా ఉండి నిలిచిన బంతిని కదలనివ్వదు, అందుకే తాత చెవికి దొరకలేదు. పరుగు తగ్గిన బంతిని మాత్రం ఏ నూగూ ఆపలేదు.

ఓడమీద వచ్చిన రాయి కూడా రెండేళ్ళుగా మా మేస్త్రి మాటే వింటోంది.

తర్వాత నేను చేసిందేమీ గొప్ప కాదు. మా పెరట్లో ఆడినట్టు ఆడాను. పడమటి మూల బదులు కిటికీ మూల, అంతే. బంతిని మెల్లగా పంపి వాటానికి అప్పగించాను. "రెండూ" అన్నాడు తాత. "మూడూ." "మూడూ." "రెండూ." కొంతసేపటికి ఆయన గొంతులో ఏదో మారింది. బంతి వంగి వెళ్తున్న చప్పుడు ఆయనకూ పట్టుబడినట్టుంది. తల ఒక పక్కకు వాల్చి, గడ్డంలో నవ్వుకున్నాడు. అతను నలభై ఏడు దగ్గర ఉండగా నేను యాభై కొట్టాను.

వరండాలో టైలరు భార్య వేసిన కేకకు పావురాలు లేచిపోయాయి.

ఆ అబ్బాయి కర్ర గోడకానించి, "బాగా ఆడారు" అన్నాడు. తర్వాత, అతను మంచివాడే పాపం, ఉన్న మాటే అన్నాడు. "కానీ బల్ల అటు పక్కకు లాగుతోంది నాన్నగారూ."

సెక్రటరీ లేచాడు. "అలాగైతే ఈ పోటీ చెల్లదు."

నాయన మెల్లగా లేచి, తలగుడ్డ కుర్చీలో పెట్టి, చెంబెడు నీళ్ళు అడిగాడు. తెచ్చారు. బల్లకింద నేలమీద పోశాడు. నీళ్ళు ఒకరి బూట్లకింద, ఇంకొకరి కుర్చీకింద సాగి, నేరుగా కిటికీ కిందికి పోయి, తూములో దిగి, అవ్వ కాళ్ళమీద పడ్డాయి.

"వాటం మాదే సార్" అన్నాడు నాయన. "మా మేస్త్రి పని. నేల మాదిరే సూసుకున్యాము గానీ, మీ బల్ల గురించి ఆలోచన చేయలేదు. తప్పు నాదే, పాపది కాదు."

నాయన అంత నెమ్మదిగా తప్పు ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు. కానీ నా నోరు ఊరుకోదు.

"పోటీ చెల్లకపోతే పోనీయండి సార్. ఈ నేల వేసి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో ఈ బల్లమీద గెలిచిన కప్పులు కూడా చెల్లవు గదా. వాటినీ తీసెయ్యండి."

అందరి చూపులూ సెక్రటరీ గదివైపు తిరిగాయి. అద్దాల బీరువా ఇక్కణ్ణుంచే కనిపిస్తోంది. అందులో ఈ రెండేళ్ళలో వచ్చినవి నాలుగు ఆయనవే.

ఒక లావుపాటి ఇంజనీరుగారు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి దగ్గాడు. "వాటం ఇద్దరికీ ఒక్కటే కదండీ! ఇచ్చెయ్యండి" అన్నాడు. సెక్రటరీ నావైపు చూసి, "శనివారాలు, పది నుంచి పన్నెండు" అన్నాడు.

ఎనిమిది నెలలు శనివారాలు మావి. గుమాస్తా కోడలు అత్తగారితో గుడికని చెప్పి వచ్చేది. మొదటిరోజు ఆ బల్ల చుట్టూ ఒకసారి నడిచి, కర్ర పట్టి, ఊపిరి బిగబట్టి, వరసగా నలభై రెండు కొట్టింది. తాత లెక్క పిలవడం మరిచిపోయాడు. అంతటిది ఆ క్లబ్బులో ఏ ఆఫీసరూ కొట్టలేదని తర్వాత చెప్పాడు. ఆమె అది విని, "టైమెంతయింది?" అని కంగారుగా ఇంటికి పోయింది.

ఆ ఏడాదే రాజధాని హైదరాబాదు పోయింది. డేరాలు లేచాయి, ఫైళ్ళు లారీలెక్కాయి. క్లబ్బు బల్లా ఎక్కింది. గుడ్డ ఊడదీసినప్పుడు నాయన వెళ్ళి ఆ విలాయతు రాయిని వేలి కణుపుతో తట్టి విన్నాడు. "మంచి రాయే" అన్నాడు. పౌరుషానికి కూడా ఒక మర్యాద ఉంటుంది మరి. గదికి తాళం వేశారు. గుమాస్తా కుటుంబమూ ఫైళ్ళ వెనకే వెళ్ళిపోవాలి. వెళ్ళడానికి ఇంకా పదిరోజులుంది.

ఆ పదిరోజులూ మార్కర్ తాత మధ్యాహ్నం మా పెరట్లోకి వచ్చేవాడు. క్లబ్బులో వేసుకునే నల్లకోటే వేసుకుని, బల్ల పక్కన స్టూలుమీద నిటారుగా కూర్చునేవాడు. అవ్వ మిరపకాయలు ఎత్తేది. గుమాస్తా కోడలు కొంగు బిగించేది. ఎనిమిది నెలలు ఆ పెద్ద బల్లమీద ఆడినా ఆమె చేయి మా వాటాన్ని మరిచిపోలేదు. తాత తల ఒక పక్కకు వాల్చి, ఆఫీసర్లకు పిలిచిన గొంతుతోనే, ఒక్క అక్షరం తగ్గించకుండా పిలిచేవాడు. "రెండూ." "మూడూ." "మూడూ."

లెక్కల మాస్టారూ, ఆమె పేరు ఏ కప్పుమీదా లేదు. రక్తంలో ఏముందో నాకు తెలీదు. చివరి మధ్యాహ్నం వరసగా యాభై ఆరు కొట్టింది, మరుసటిరోజు వాళ్ళుండరు గనక నేను మజ్జిగ అప్పుడే తెచ్చాను.